పార్కులో పూల ఫోటోలు: ఫోనా, జూమా, మాక్రోనా?

పూల ఫోటోల మీద కాస్త మోజు పుట్టగానే ఎవరికైనా వచ్చే మొదటి ఆలోచన "మాక్రో లెన్స్ కొనాలి" అని. తెలిసినవాళ్ళని అడిగినా అదే చెబుతారు. చిన్నవాటిని బాగా దగ్గరనుంచి పెద్దగా తీసే లెన్స్ అది. మంచి లెన్సే, కాదనను. కానీ ఊరి నడుమ ఉన్న చిన్న తోటలో తీసేవాళ్ళకు పువ్వు దగ్గరికి వెళ్ళడం పెద్ద కష్టం కాదు. పేచీ అంతా పువ్వు వెనకాల ఉన్నదాంతోనే. ప్రహరీ గోడ, రెయిలింగు, ఆగి ఉన్న కారు, ఎర్ర చెత్తడబ్బా, బెంచీ మీద కూర్చున్నాయన గళ్ళ చొక్కా, వీటిలో ఏదో ఒకటి సరిగ్గా రేకుల పక్కనే తేలుతుంది. పొలంగట్టు మీద వెనక పచ్చదనం దానంతట అదే దొరుకుతుంది. ఇక్కడ వెతుక్కోవాలి.

అందుకని ఈ పోలికలో "ఎంత దగ్గరగా తీస్తుంది" అన్న ప్రశ్నను మూడో స్థానానికి నెట్టాను. మొదటి స్థానం వెనకాల ఏం పడుతుందనేదానికి, రెండోది మనం ఎక్కడ నిలబడగలం అనేదానికి.

## ముందు చూసుకోవాల్సినవి

### వెనకాల ఎంత పడుతుంది

ఒక లెక్క వేద్దాం. పది సెంటీమీటర్ల మందార పువ్వు. ఫ్రేములో అడ్డంగా 24 సెంటీమీటర్ల మేర పట్టేలా నిలబడ్డారు, అంటే పువ్వు ఫ్రేములో సగానికి కాస్త తక్కువ ఉంటుంది. పువ్వుకు మూడు మీటర్ల వెనక గోడ. ఏ లెన్స్‌తో తీసినా పువ్వు అదే సైజులో వచ్చేలా ముందుకీ వెనక్కీ జరిగారనుకుందాం. గోడ మాత్రం ఒక్కోదాంట్లో ఒక్కోలా పడుతుంది. ఫోకల్ లెంగ్త్ అంటే మి.మీ.లలో చెప్పే లెన్స్ చూపు, అంకె పెరిగేకొద్దీ ఫ్రేములో తక్కువ చోటు పడుతుంది. ఫుల్ ఫ్రేమ్ అంటే 36 మి.మీ. వెడల్పు సెన్సర్ ఉన్న కెమెరా.

| ఫోకల్ లెంగ్త్ (ఫుల్ ఫ్రేమ్ లెక్కలో) | పువ్వుకు ఎంత దూరంలో ఉండాలి | ఫ్రేములో పడే గోడ వెడల్పు |
|---|---|---|
| 26 మి.మీ. (ఫోన్ మెయిన్ కెమెరా) | 20 సెం.మీ. | 3.9 మీ. |
| 50 మి.మీ. | 38 సెం.మీ. | 2.1 మీ. |
| 100 మి.మీ. | 77 సెం.మీ. | 1.2 మీ. |
| 200 మి.మీ. | 1.5 మీ. | 0.7 మీ. |
| 300 మి.మీ. | 2.3 మీ. | 0.55 మీ. |

ఇవి కాగితం మీది లెక్కలు. దగ్గర్లో ఫోకస్ చేసినప్పుడు చాలా లెన్సుల ఫోకల్ లెంగ్త్ కొంత తగ్గిపోతుంది కాబట్టి అటూ ఇటూ అవుతాయి. కానీ వరస మారదు. నాలుగు మీటర్ల గోడలో కిటికీ, పైపు, నోటీసు బోర్డు, నడిచిపోయే మనిషి అన్నీ ఉంటాయి. డెబ్భై సెంటీమీటర్ల గోడను కప్పడానికి ఒక్క పొద చాలు.

ఇంకో లాభం కూడా ఉంది. 200 మి.మీ. దగ్గర మీరు అర అడుగు పక్కకు జరిగితే పువ్వు భంగిమ దాదాపు అలాగే ఉంటుంది, వెనక గోడ మాత్రం ఫ్రేములో మూడో వంతు కన్నా ఎక్కువే జరిగిపోతుంది. ఎర్ర డబ్బా తప్పుకుని నీడ పట్టు వెనక్కి వచ్చేస్తుంది. ఫోనుతో అదే అర అడుగు జరిగితే పువ్వుని పక్కనుంచి చూస్తున్నట్టే, ఫోటో మొత్తం వేరే అయిపోతుంది.

"50 మి.మీ. ఎఫ్/1.8 ఉందిగా, బ్లర్ చేసేస్తే పోలా?" అని చాలామంది అంటారు. (ఎఫ్ పక్కన అంకె లెన్స్ రంధ్రం, అంటే అపర్చర్, ఎంత తెరుచుకుందో చెబుతుంది. అంకె చిన్నదైతే రంధ్రం పెద్దది.) పై మందారం లెక్కలోనే 50 ఎఫ్/1.8, 200 ఎఫ్/5.6 రెండూ వెనక గోడ మీది ఒక చుక్కని దాదాపు సమానంగానే చెదరగొడతాయి. రెండింట్లోనూ ఆ చెదురు ఫ్రేము వెడల్పులో పదో వంతు వరకూ ఉంటుంది. అయితే 50లో ఆ బ్లర్ కింద రెండు మీటర్ల గోడ ఉంది. చెత్తడబ్బా అంచులు కరిగినా ఎర్ర మరకగా మిగిలే ఉంటుంది. బ్లర్ దేన్నీ తీసెయ్యదు, మెత్తబరుస్తుంది అంతే. ఫోను మెయిన్ కెమెరాలో ఆ చెదురు వందో వంతుకు కాస్త పైన. గోడ మీది అక్షరాలు కూడా చదువుకోవచ్చు.

### ఎక్కడ నిలబడనిస్తారు

పార్కుల్లో పూలమడి చుట్టూ రాళ్ళో, తాడో, మోకాలెత్తు కంచో ఉంటుంది. లోపల కాలు పెట్టకూడదు, తోటమాలి చూడకపోయినా సరే. తడి మట్టి తొక్కితే గట్టిపడి వేళ్ళకు గాలి ఆడదు. ఏ కారణం చేతనో గానీ ఒక్క చిల్లూ లేని పువ్వు ఎప్పుడూ రెండో వరసలోనే ఉంటుంది. కలువలైతే నీళ్ళ మధ్య రెండు మూడు మీటర్ల దూరంలో. కాబట్టి మీ తోటలో మడి అంచు నుంచి మంచి పువ్వు దాకా ఎంత దూరమో ఒకసారి కంటితో కొలుచుకోండి. మీటరు దాటుతుంటే కింద చెప్పబోయేవాటిలో సగం వాటంతట అవే తప్పుకుంటాయి.

### పువ్వు ఎంత పెద్దది

గులాబి, మందారం, ట్యూలిప్, పొద్దుతిరుగుడు లాంటివి నిండుగా రావడానికి పెద్ద మాగ్నిఫికేషన్ అక్కర్లేదు. సెన్సర్ మీద పువ్వు బొమ్మ అసలు సైజులో ఏడో వంతు నుంచి నాలుగో వంతు ఉంటే చాలు, అంటే 0.15 నుంచి 0.25. మందారం మధ్య కాండం కొసన ఉండే అయిదు ఎర్రటి మఖమల్ బొడిపెలు, వాటి కింద పసుపు పుప్పొడి గింజలు ఫ్రేము నిండా కావాలంటే 0.5 దాటాలి. లాంటానా గుత్తిలోంచి ఒక్క చిన్న పువ్వు కావాలంటే 1:1 దాకా, అంటే సెన్సర్ మీద బొమ్మ అసలు సైజులోనే పడేదాకా, వెళ్ళాలి. కాగితం పూలు కూడా ఇంతే. మనం పూలనుకునే రంగు రేకులు నిజానికి ఆకుల్లాంటి తొడుగులు, అసలు పువ్వు వాటి మధ్య సన్నటి గొట్టంలా తెల్లగా ఉంటుంది.

మాగ్నిఫికేషన్ పెరిగేకొద్దీ ఫోకస్ లోతు ఎలా పడిపోతుందో తెలియకుండా 1:1 మీద ఆశ పెట్టుకోవద్దు. ఫుల్ ఫ్రేమ్ మీద ఎఫ్/8 పెడితే 0.25 దగ్గర దాదాపు ఒక సెంటీమీటరు మందం షార్ప్‌గా వస్తుంది. 0.5 దగ్గర మూడు మిల్లీమీటర్లు. 1:1 దగ్గర ఒక్క మిల్లీమీటరు. మందారం మధ్య కాండం కనీసం నాలుగైదు సెంటీమీటర్లు ముందుకు పొడుచుకొస్తుంది. ఎదురుగా తీస్తే కొస షార్ప్, రేకులు మబ్బు. పక్కనుంచి, కాండం సెన్సర్‌కు సమాంతరంగా ఉండేలా తీస్తే అదే ఎఫ్/8లో మొదలు నుంచి కొసదాకా వస్తుంది. లెన్స్ మార్చకుండానే ఫోటో మారిపోయే చోటు ఇది.

### గాలి, ట్రైపాడ్, సందడి

చాలా తోటల్లో ట్రైపాడ్‌కు అనుమతి ఉండదు, లేదా విడిగా అడగాలి. కాబట్టి చేత్తో పట్టుకునే తీస్తారని అనుకునే లెక్క వేసుకోండి. లెన్స్‌లోనో బాడీలోనో ఉన్న స్టెబిలైజేషన్ మీ చేతి వణుకునే ఆపుతుంది, పువ్వు ఊగడాన్ని ఆపదు. పైగా బాగా దగ్గరికి వెళ్ళినకొద్దీ దాని బలం తగ్గుతుంది. పిల్లగాలికి కూడా 1/250 సెకను షట్టర్ స్పీడు కావాలి, దగ్గరి షాట్లకు 1/500.

నిశ్శబ్దంగా ఉండే తోటలో కెమెరా టకటకమంటుంటే పక్క బెంచీవాళ్ళు తల తిప్పి చూస్తారు. లోపల అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాలో ఎలక్ట్రానిక్ షట్టర్ పెట్టుకుంటే చప్పుడే ఉండదు. ఏ కెమెరా అయినా ఫోకస్ బీప్ ఆపేయండి, ఫోకస్ కోసం వెలిగే చిన్న దీపం కూడా.

## ఒక్కోటీ ఎలా ఉంటుంది

### ఫోన్

ఫోన్లో మూడు దారులున్నాయి, మూడింటి గుణం మూడు రకాలు.

మెయిన్ కెమెరాతో తీస్తే వెనకదంతా పడుతుంది. దాన్ని లోపంగా చూడకుండా పనిగా పెట్టుకున్నవాళ్ళు మంచి ఫోటోలు తెస్తారు: ముందు పువ్వు, వెనక బాట, బెంచీ, చెట్ల నీడలు. తోటని చూపించే ఫోటో ఇది. అందులో ఫోనుని పెద్ద కెమెరాలు కూడా ఓడించలేవు, నేలకు ఆనించి కిందనుంచి పైకి చూసేలా ఫోను పెట్టినంత సులువుగా కెమెరా పెట్టలేం కదా.

అల్ట్రావైడ్‌తో చేసే మాక్రో మోడ్ రెండు మూడు సెంటీమీటర్ల దూరానికి వెళ్తుంది. 2021లో వచ్చిన ఐఫోన్ 13 ప్రోలో ఇది 2 సెంటీమీటర్లు. అంత దగ్గరలో ఫోను నీడే పువ్వు మీద పడుతుంది, తేనెటీగ ఉంటే లేచిపోతుంది. నీడపట్టున, కదలని పువ్వు మీద పనికొస్తుంది. విడిగా "2 మెగాపిక్సెల్ మాక్రో" అని రాసి ఇచ్చే కెమెరాని మాత్రం నేను లెక్కలోకి తీసుకోను. మెయిన్ కెమెరాతో తీసి కత్తిరించుకున్నా అంతకన్నా బాగుంటుంది.

మూడోది టెలిఫోటో కెమెరా. మీ ఫోనులో ఉంటే పూలకు దాన్నే వాడండి. చిక్కేమిటంటే చాలా ఫోన్లలో అది దగ్గర్లో ఫోకస్ కాదు. కాలేనప్పుడు ఫోను చెప్పాపెట్టకుండా మెయిన్ కెమెరాకు మారి దాని బొమ్మనే కత్తిరించి చూపిస్తుంది. స్క్రీన్ మీద 3ఎక్స్ అనే ఉంటుంది, వచ్చేది మాత్రం మెయిన్ కెమెరా బొమ్మ. టెలిఫోటో కన్ను మీద వేలు అడ్డం పెట్టి చూడండి. స్క్రీన్ చీకటి అవకపోతే అది పనిచేయడం లేదన్నట్టే. చీకటి అయ్యేదాకా వెనక్కి జరిగితే నిజమైన టెలిఫోటో దొరుకుతుంది.

పోర్ట్రెయిట్ మోడ్ బ్లర్‌ని పూల మీద నమ్మలేం. సన్నని కేసరాలు, రేకుల అంచుల ముడతలు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాయో ఫోను పోల్చుకోలేక సగం కేసరాన్ని బ్లర్ చేసేస్తుంది.

### కిట్ లెన్స్

కెమెరాతో పాటు వచ్చే 18-55 మి.మీ. జూమ్‌ని తక్కువ అంచనా వేస్తారు. 55 దగ్గర పెట్టి పావు మీటరు దాకా వెళ్ళనిచ్చే మోడళ్ళు 0.36, 0.38 మాగ్నిఫికేషన్ ఇస్తాయి. దాంతో ఒక చామంతి ఫ్రేము నిండుతుంది. వెనక చోటు మాత్రం ఎక్కువే పడుతుంది. కాబట్టి పువ్వు వెనక అర మీటరులోనే ఆకులు దట్టంగా ఉన్న చోట్లు వెతుక్కోవాలి, లేదా పైనుంచి కిందికి తీయాలి. ఇది చేతిలో ఉండగా వెంటనే వేరేది కొననక్కర్లేదు.

### 50 మి.మీ. ప్రైమ్, ఎక్స్‌టెన్షన్ ట్యూబ్

ప్రైమ్ అంటే జూమ్ లేని లెన్స్. 50 ఎఫ్/1.8 చవక, తేలిక. ఒంటరిగా వాడితే పువ్వుకు దగ్గరగా ఫోకస్ కాదు. మాగ్నిఫికేషన్ 0.15 నుంచి 0.25 చుట్టుపక్కలే ఉంటుంది. లెన్సుకీ బాడీకీ మధ్య ఖాళీ గొట్టం, అదే ఎక్స్‌టెన్షన్ ట్యూబ్, తగిలిస్తే దగ్గరికి వెళ్ళొచ్చు. ఎంత పెరుగుతుందంటే ట్యూబు పొడవుని ఫోకల్ లెంగ్త్‌తో భాగించండి: 50 మీద 20 మి.మీ. ట్యూబు 0.4 కలుపుతుంది. అదే ట్యూబు 200 మి.మీ. లెన్స్ మీద 0.1 మాత్రమే. అందుకే ట్యూబులు పొట్టి లెన్సులకే బాగుంటాయి.

ట్యూబులో గాజు ఉండదు కాబట్టి లెన్స్ నాణ్యత చెడదు. బదులుగా వెలుతురు తగ్గుతుంది, ట్యూబు ఉన్నంతసేపూ దూరంగా ఉన్నది ఏదీ ఫోకస్ కాదు. పువ్వు పక్కన ఉడుత కనిపిస్తే ట్యూబు విప్పేలోపు అది చెట్టెక్కేస్తుంది. బహిరంగ తోటలో లెన్స్ మాటిమాటికీ విప్పడం వల్ల సెన్సర్ మీద పుప్పొడీ దుమ్మూ చేరతాయి, అదీ ఆలోచించాల్సిందే. కొనేటప్పుడు ఎలక్ట్రిక్ కాంటాక్టులు ఉన్నవే తీసుకోండి. అవి లేనిదానితో చాలా లెన్సుల్లో అపర్చర్ మార్చుకోలేరు.

### టెలిఫోటో జూమ్, ముందు ఒక క్లోజప్ గాజు

నా ఓటు దీనికి. 55-250 గానీ 70-300 గానీ చాలామంది ఇళ్ళలో ఎప్పుడో పక్షుల కోసం కొని పక్కన పెట్టేసినదే ఉంటుంది. ఒంటరిగానే ఇది పావు వంతు మాగ్నిఫికేషన్ చుట్టుపక్కల ఇస్తుంది. గులాబికీ మందారానికీ అంతకన్నా అక్కర్లేదు. మడి బయట నిలబడి రెండో వరస పువ్వుని తీయొచ్చు. వెనక చోటు అర మీటరు, ముప్పావు మీటరు మించదు. వంగక్కర్లేదు, మోకాళ్ళ మీద కూర్చోనక్కర్లేదు. ఎవరి దారికీ అడ్డం రాం.

ఇంకా దగ్గర కావాలనుకున్నప్పుడు ఫిల్టర్‌లా ముందు బిగించే క్లోజప్ లెన్స్ ఉంది. దాని బలాన్ని కళ్ళద్దాల లెక్కలోనే డయాప్టర్లలో చెబుతారు. ప్లస్ 2 అంటే, వెనక లెన్స్ అనంతానికి ఫోకస్ అయి ఉన్నప్పుడు, సరిగ్గా అర మీటరు దూరంలో ఉన్నది షార్ప్‌గా వస్తుంది. జూమ్ 100 దగ్గర పెట్టినా 300 దగ్గర పెట్టినా అర మీటరే. మారేది మాగ్నిఫికేషన్: 200 దగ్గర 0.4, 300 దగ్గర 0.6. నిలబడ్డ చోట నుంచి కదలకుండా జూమ్ తిప్పుతూ ఫ్రేము కుదుర్చుకోవచ్చన్నమాట, మాక్రో లెన్స్‌తో ఈ సుఖం లేదు. వెలుతురు కూడా తగ్గదు.

రేనాక్స్ డీసీఆర్-150 లాంటివి 4.8 డయాప్టర్లు. 200 మి.మీ. ముందు పెడితే దాదాపు 1:1, పువ్వుకు ఇరవై సెంటీమీటర్ల దూరంలో. బిగించక్కర్లేదు, క్లిప్పులా నొక్కి పెడితే చాలు. ఉడుత కనిపిస్తే ఒక్క చేత్తో తీసేయొచ్చు.

ఇక్కడ జాగ్రత్త ఒక్కటే. ప్లస్ 1, 2, 4, 10 అని నాలుగు కలిపి సెట్టుగా అమ్మే ఒంటి గాజు ఫిల్టర్లు టెలిఫోటో ముందు బాగుండవు, తెల్ల రేకుల అంచుల్లో ఊదా, ఆకుపచ్చ చారలు కనిపిస్తాయి. రెండు గాజులు కలిపి చేసిన అక్రోమాట్ రకం తీసుకోండి. ఖరీదు ఎక్కువే, అయినా మాక్రో లెన్స్ ముందు చిన్నదే.

దీని లోపాలూ ఉన్నాయి. జూమ్ 300 దగ్గర ఎఫ్/5.6, ఎఫ్/6.3 కంటే తెరుచుకోదు. మబ్బు పట్టిన ఉదయం చెట్ల కింద 1/500 కావాలంటే ఐఎస్ఓ (వెలుతురుకి సెన్సర్ స్పందన) 1600, 3200 దాకా పెంచాల్సి వస్తుంది. చవక జూములు చివరి కొసన కొంచెం మెత్తగా తీస్తాయి. 250 దగ్గర ఆపేస్తే తేడా కనిపిస్తుంది.

### మాక్రో లెన్స్

అసలు సిసలు షార్ప్‌నెస్, అనంతం నుంచి 1:1 దాకా మధ్యలో ఏమీ తగిలించకుండా ఒకే లెన్స్‌తో వెళ్ళే సౌకర్యం, ఎఫ్/2.8 వెలుతురు. పువ్వు లోపలి ప్రపంచం మీద ధ్యాస ఉన్నవాళ్ళకు దీనికి సాటి లేదు.

ఎంత పొడవుది తీసుకోవాలన్నదే ప్రశ్న. 1:1 దగ్గర లెన్స్ ముందు అంచుకీ పువ్వుకీ మధ్య మిగిలే ఖాళీ 60 మి.మీ. లెన్స్‌లో సుమారు అయిదు సెంటీమీటర్లు, 100లో సుమారు పదమూడు పదిహేను, 180లో పాతిక దాకా. అయిదు సెంటీమీటర్లలో మీ నీడా లెన్స్ నీడా రెండూ పువ్వు మీదే. ఫుల్ ఫ్రేమ్ ఉన్నవాళ్ళకు తోటలో 60 సరిపోదు. ఫుల్ ఫ్రేమ్ కన్నా చిన్న సెన్సర్ ఉన్న ఏపీఎస్-సీ బాడీ మీద 60 అంటే 90 లాంటి చూపు కాబట్టి వెనక చోటు విషయంలో కొంత నయం, దగ్గరితనం ఇబ్బంది మాత్రం అలాగే ఉంటుంది. 90 నుంచి 105 మధ్యది చాలామందికి సరైనది. 150, 180 పూలకు అన్నిటికన్నా అందంగా తీస్తాయి, బరువు మాత్రం కిలో దాటుతుంది. ట్రైపాడ్ కూడదన్న చోట కిలో లెన్స్‌ని వంగి అరగంట పట్టుకోవడం అనేది మీ భుజాన్ని అడిగి తేల్చుకోవాల్సిన విషయం.

1:1కి వెళ్ళినప్పుడు వెలుతురు రెండు స్టాపులు, అంటే నాలుగో వంతుకు, తగ్గుతుంది. ఎఫ్/16 పెట్టామనుకుంటే పనిచేసేది ఎఫ్/32 లాగా. ఫోకస్ లోతు కోసం ఇంకా మూసుకుంటూ పోతే డిఫ్రాక్షన్ (సన్నని రంధ్రంలో వెలుతురు చెదరడం) వల్ల బొమ్మ మొత్తం మెత్తబడుతుంది. దీనికి మందు ఫోకస్ స్టాకింగ్: ఫోకస్ కొద్దికొద్దిగా జరుపుతూ చాలా ఫోటోలు తీసి కలపడం. ఇప్పుడు చాలా కెమెరాల్లో ఫోకస్ బ్రాకెటింగ్, అంటే ఆ జరపడం కెమెరానే చేసే సదుపాయం, ఉంది, అయినా పువ్వు ఆ కాసేపూ కదలకూడదు. ఆరుబయట తోటలో ఇది తెల్లవారుజామున గాలి లేని వేళల్లోనే సాధ్యం.

మామూలు లెన్స్‌ని తిరగేసి బిగించే పద్ధతి కూడా ఉంది. ఇంట్లో బల్ల మీద సరదాగా ఉంటుంది. పార్కులో లెన్స్ వెనక గాజు పుప్పొడికి ఎదురుగా నిలబెట్టి, అపర్చర్ మీద పట్టు లేకుండా తీయడం అనవసరపు అవస్థ.

## ఒక్క చూపులో

| | వెనకాల శుభ్రత | మడి బయటనుంచి | చిన్న పూలు | మోత, కష్టం |
|---|---|---|---|---|
| ఫోన్ మెయిన్ కెమెరా | తక్కువ | కుదరదు | కొంతవరకు | ఏమీ లేదు |
| ఫోన్ టెలిఫోటో | బాగుంటుంది | కొంతవరకు | ఫోనుని బట్టి | ఏమీ లేదు |
| కిట్ లెన్స్ | తక్కువ | కుదరదు | ఫర్వాలేదు | తేలిక |
| 50, ట్యూబు | మధ్యస్థం | కుదరదు | బాగుంటుంది | ట్యూబు విప్పడం, పెట్టడం |
| జూమ్, క్లోజప్ గాజు | చాలా బాగుంటుంది | కుదురుతుంది | బాగుంటుంది | మధ్యస్థం |
| 100 మాక్రో | బాగుంటుంది | మొదటి వరస వరకే | అన్నిటికన్నా మేలు | మధ్యస్థం |
| 150-180 మాక్రో | చాలా బాగుంటుంది | కొంతవరకు | అన్నిటికన్నా మేలు | బరువు |

## మీరు ఏ రకం?

ఫోను తప్ప ఇంకేం లేదు, కొనాలనీ లేదు. టెలిఫోటో ఉంటే దాన్ని వాడండి, లేకపోతే 2ఎక్స్ పెట్టుకుని ఒక అడుగు వెనక్కి జరగండి. వెనక నీడ ఉన్న పువ్వునే ఎంచుకోండి. ఎండ పడుతున్న పువ్వు, వెనక చీకటి నీడ ఉంటే గోడ ఉన్నా కనపడదు. ఎక్స్‌పోజర్ కాస్త కిందికి లాగితే ఇంకా మునిగిపోతుంది.

కెమెరా, కిట్ లెన్స్ ఉన్నాయి, ఒకటే కొనగలరు. జూమ్ లేకపోతే వాడిన 55-250 గానీ 70-300 గానీ. ఉంటే క్లోజప్ అక్రోమాట్. మాక్రో తర్వాత.

మోకాళ్ళ నొప్పులు, నడుం పట్టేసేవాళ్ళు. జూమే, ఇంకో మాట లేదు. నిలువుగా తిరిగే స్క్రీన్ ఉన్న కెమెరా అయితే నడుం ఎత్తున పట్టుకుని పైనుంచి చూస్తూ తీయొచ్చు.

పువ్వు లోపల కేసరం, పుప్పొడి, మంచు బిందువు. 90-105 మాక్రో. జూమ్ ముందు గాజుతో మొదలుపెట్టి, ఎక్కువసార్లు 0.5 దాటుతున్నారని మీ ఫోటోలు చూసి తేలితే అప్పుడు కొనుక్కుంటే డబ్బు వృథా కాదు.

తోటనీ మనుషుల్నీ కూడా తీయాలనుకునేవాళ్ళు. కిట్ లెన్స్ లేదా ఫోను, పైన ఒక జూమ్. మాక్రో వీళ్ళ సంచిలో బరువే.

## ఏ వేళకి వెళ్తున్నారో కూడా ఎంపికను మారుస్తుంది

తెల్లవారగానే గాలి తక్కువ, జనం తక్కువ. మాక్రోకి అదే సమయం. పలచని మబ్బు ఉన్న రోజు రేకుల మీద నీడలు మెత్తగా పడతాయి, ఏ లెన్స్ అయినా బాగుంటుంది. మధ్యాహ్నం మాత్రమే వీలయ్యేవాళ్ళు నిరుత్సాహపడక్కర్లేదు. ఆ ఎండలో వెలుతురుకి లోటు ఉండదు కాబట్టి చవక జూమ్‌తో కూడా 1/500 హాయిగా వస్తుంది. ఒక మడత డిఫ్యూజర్, అదీ లేకపోతే తెల్ల గొడుగు, పువ్వుకీ సూర్యుడికీ మధ్య పట్టుకుంటే కరకు నీడలు పోతాయి. లేదా పువ్వు వెనకనుంచి ఎండ వచ్చేలా తిరగండి, రేకుల ఈనెలు వెలుగుతాయి. ఫ్లాష్ గురించి ఒక్క మాట: పక్కన జనం ప్రశాంతంగా కూర్చున్న చోట దాన్ని సంచిలోనే ఉంచడం మర్యాద.

రంగుల సంగతి ఏ లెన్స్ కొన్నా తప్పదు. ఎర్ర మందారం, ఎర్ర గులాబి తీసినప్పుడు ఎర్ర రంగు ఒక్కటే ముందే నిండిపోయి రేకు మీది ముడతలన్నీ ఒకే ముద్దయిపోతాయి. మామూలు హిస్టోగ్రామ్ (వెలుగు ఎంతెంత ఉందో చూపే గ్రాఫ్) బాగానే ఉన్నట్టు చూపిస్తుంది. మూడు రంగులూ విడివిడిగా చూపించే హిస్టోగ్రామ్ పెట్టుకుని, ఎర్ర గీత కుడి అంచుకు తగలకుండా ఎక్స్‌పోజర్ తగ్గించండి. తెల్లపూలకు ఉల్టా. ఫ్రేము నిండా తెలుపు ఉంటే కెమెరా దాన్ని బూడిద రంగు చేసేస్తుంది, ఒక స్టాపు దాకా పెంచాలి. వెనక చీకటి నీడ ఉండి మధ్యలో చిన్న తెల్ల పువ్వు ఉంటే మళ్ళీ తగ్గించాలి.

నీలం పూలు మహా మొండివి. కొన్ని నీలి పూలు కంటికి నీలంగా కనిపిస్తాయి, ఫోటోలో ఊదాకో గులాబికో తిరుగుతాయి. ఎర్ర కాంతి చివరి అంచునీ, దాని అవతలి కంటికి ఆనని కాంతినీ ఆ రేకులు బాగా తిప్పికొడతాయి, అది కెమెరాలో ఎరుపుగా నమోదవుతుంది. ఫిల్ము రోజుల నుంచీ ఉన్న చిక్కు ఇది, అజెరాటమ్ అనే పువ్వు పేరు మీదే పిలుస్తారు. రా ఫైల్ (కెమెరా మార్పులు చేయకుండా దాచే అసలు ఫైల్) తీసుకుని, ఇంటికొచ్చాక ఊదా రంగు ఒక్కదాన్నే నీలం వైపు జరుపుకోవడమే దారి. ఆకుల మెరుపు విసిగిస్తుంటే పోలరైజర్ ఫిల్టర్ పనికొస్తుంది, కానీ ఒకటి రెండు స్టాపుల వెలుతురు మింగేస్తుంది. మబ్బురోజున జూమ్ ముందు దాన్ని పెట్టేముందు మీ షట్టర్ స్పీడు చూసుకోండి.

## గాజు కొనేముందు

క్లోజప్ అక్రోమాట్ కొనడానికి వెళ్తుంటే లెన్స్ ముందు అంచు మీదో, మూత వెనకో రాసి ఉండే సున్నా మీద అడ్డగీత గుర్తు, దాని పక్కన అంకె చూసుకోండి: 52, 58, 67, 77 ఇలా. అదే ఫిల్టర్ సైజు. రెండు మూడు లెన్సులుంటే వాటిలో పెద్ద సైజుకి కొని, చిన్నవాటికి స్టెప్-అప్ రింగు (సైజు తేడాని కలిపే రింగు) వేసుకోవచ్చు. చిన్నదానికి కొంటే పెద్ద లెన్స్ మీద మూలలు నల్లబడతాయి. క్లిప్పు రకం రేనాక్స్ అయితే 52 నుంచి 67 వరకు నేరుగా పడుతుంది. మీ జూమ్ 67 కన్నా పెద్దదైతే మరలు ఉన్న రకమే తీసుకోండి.